ఓడినవాళ్ళ పాట

(పిన్ని రాజమండ్రిలో హైస్కూలు తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. టీవీలో పాటల పోటీ ఏదొచ్చినా వదలదు. ఆమె అక్క కొడుకు హైదరాబాదులో టీవీ కార్యక్రమాలకి సౌండ్ ఎడిటింగ్ చేస్తాడు. ఆ పోటీలంటే అతనికి గిట్టదు. ఎలిమినేషన్ ఎపిసోడ్ ఒకటి ముగిశాక ఇద్దరి మధ్యా జరిగిన వాదన ఇది.)

అబ్బాయి: నేను గదిలోకి రాగానే సౌండ్ తగ్గించేశావేం పిన్నీ?

పిన్ని: నువ్వొచ్చి ఏదో ఒకటి అంటావని. అదొక్కటే కాదులే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కచేరీ పెట్టుకున్నప్పుడు ఎవరొచ్చినా తగ్గించను. ఇది చూస్తున్నప్పుడు మాత్రం ఎవరైనా వస్తే పట్టుబడినట్టుంటుంది.

అబ్బాయి: పట్టుబడ్డావు కాబట్టి చెప్పు, ఎందుకా మొహమాటం?

పిన్ని: పాట కోసమే చూస్తున్నానని చెప్పుకుంటాను. చివరికొచ్చేసరికి ఇవాళ ఎవరు వెళ్ళిపోతారా అని గుండె దడదడలాడుతుంది. వెళ్ళిపోయేది నాకు నచ్చని పిల్లాడైతే లోపల ఓ చిన్న తృప్తి కూడా. అన్నేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఒక పిల్లాడు ఓడిపోతే సంతోషించడమేమిటి అనిపిస్తుంది. అయినా చూస్తాను. చూడ్డం తప్పు కాదని వాదిస్తాను కూడా.

అబ్బాయి: తప్పేనని నేనంటాను. ముందు నా పని సంగతి చెప్తా విను. నువ్వు చూసేది స్టూడియోలో జరిగింది జరిగినట్టు కాదు. గంటల తరబడి తీసినదాంట్లోంచి ఏరి కూర్చింది. చరణం మధ్యలో న్యాయనిర్ణేత కళ్ళు ఒత్తుకున్నట్టు చూపిస్తారు. సరిగ్గా ఆ చరణం దగ్గరే ఒత్తుకున్నారని ఇంట్లో కూర్చున్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది? పాడే పిల్ల వాళ్ళమ్మ గురించి మాట్లాడుతుంటే వెనక సన్నగా వయొలిన్ వినిపిస్తుంది చూడు, అది ఆ పిల్ల మాట్లాడినప్పుడు లేదు. తర్వాత మాలాంటివాళ్ళు చేర్చింది. పేరు చెప్పబోయి ఆగడం, ముఖాలన్నీ ఒక్కొక్కటే దగ్గరగా చూపించడం, సరిగ్గా అక్కడే ప్రకటనలు వెయ్యడం, ఇదంతా నీ దడ పెంచడానికి లెక్కేసి చేసే పని.

పిన్ని: తెలుసు నాయనా. సినిమాలో ఏడుపు సీనుకీ వెనక వయొలిన్ ఉంటుంది. తెలిసే ఏడుస్తాం.

అబ్బాయి: సినిమా తనది కల్పనేనని ముందే ఒప్పుకుంటుంది. ఇది నిజమని చెప్పుకుంటుంది. తేడా అక్కడే ఉంది. బ్రిటన్‌లో 'ఎక్స్ ఫ్యాక్టర్' 2010 సీజన్ మొదటి ఎపిసోడ్ వచ్చీరాగానే ప్రేక్షకులే పట్టేశారు, ఆడిషన్లలో పాడినవాళ్ళ గొంతులకి శ్రుతి సరిదిద్దే సాఫ్ట్‌వేర్ వాడారని. కార్యక్రమం వాళ్ళు ఒప్పుకోక తప్పలేదు. ఇకమీదట వాడొద్దని ఆ కార్యక్రమం సృష్టికర్త సైమన్ కోవెల్ చెప్పాల్సొచ్చింది. శ్రుతి తప్పినవాడెవడో తేల్చడానికే కదా పోటీ పెట్టింది. ఆ శ్రుతినే సరిదిద్దేస్తే ఇంక తీర్పు దేనిమీద?

పిన్ని: అది మోసమే. కాదనను.

అబ్బాయి: తీర్పు చెప్పేవాళ్ళ సంగతీ అంతే. 2021లో 'ఇండియన్ ఐడల్' పన్నెండో సీజన్లో కిశోర్ కుమార్ పాటలతో ప్రత్యేక ఎపిసోడ్ చేసి, ఆయన కొడుకు అమిత్ కుమార్‌ని అతిథిగా పిలిచారు. తర్వాత ఆయనే బయటపెట్టాడు, ఎవరెలా పాడినా అందర్నీ మెచ్చుకోమని తనకి ముందే చెప్పారని. మన దగ్గర 2025లో ఒక తెలుగు పోటీలో పాడిన అమ్మాయి తీర్పుల్లో పక్షపాతం ఉందని బహిరంగంగా అంది. న్యాయనిర్ణేతల వైపు నుంచి కాదన్నారు. ఎవరిది నిజమో నేను చెప్పలేను. చూసేవాళ్ళకి తేల్చుకునే దారే లేకపోవడం నాకు బాధ.

పిన్ని: తీర్పు కోసం చూసేవాళ్ళకి నీ మాట వర్తిస్తుంది. నాకు నా తీర్పు ఉంది. నలభై మంది పిల్లల చేత పద్యం చదివించినదాన్ని, న్యాయనిర్ణేతలు మార్కులు వెయ్యకముందే నా మార్కులు పడిపోతాయి. ఆ పిల్ల సమాసం మధ్యలో ఊపిరి తీసుకుందా, పదం పూర్తయ్యాక తీసుకుందా? ఒత్తక్షరం మీద బరువు పడిందా, జారిపోయిందా? 'ళ' పలికిందా, 'ల'తో సరిపెట్టేసిందా? మంద్రంలో గొంతు వినపడిందా, గాలి మాత్రమే వచ్చిందా? ఇవి చూస్తాను. ఊపిరి తప్పుడు చోట తీసుకుంటే మాట విరిగిపోతుంది, అర్థం మారిపోతుంది. దాన్ని ఏ వయొలినూ దాచలేదు.

అబ్బాయి: నీకు ఆ చెవి ముందే ఉంది. అందరికీ ఉండదుగా.

పిన్ని: అక్కడే నువ్వు పొరబడుతున్నావు. నాకు పద్యం తెలుసు గానీ పాట వినడం నేర్పింది ఈ పోటీలే. 1995లో ఈటీవీ వచ్చింది, మరుసటేడు 'పాడుతా తీయగా' మొదలైంది. అంతకుముందు మా వీధిలో పాటంటే హీరో పాటే. రామారావు పాట, నాగేశ్వరరావు పాట, చిరంజీవి పాట అనేవాళ్ళు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఆ వేదిక మీద కూర్చుని ప్రతి పాటకీ రాసినవాళ్ళ పేరు, స్వరపరిచినవాళ్ళ పేరు చెప్పించారు. ఆత్రేయ ఎవరు, పెండ్యాల ఎవరు, సాలూరి రాజేశ్వరరావు ఏం చేశారు, కె.వి. మహదేవన్ సాహిత్యాన్ని ఎంత గౌరవించేవారు, ఇవన్నీ సంగీతం నేర్చుకోని ఇళ్ళల్లోకి వచ్చాయి. పిల్ల ఎక్కడ తప్పిందో చెప్పి ఊరుకునేవారు కాదు, ఆ ముక్క తనే పాడి చూపించేవారు. 'శ'కీ 'ష'కీ తేడా ఆయన చెప్తుంటే, నా క్లాసులో వినని పిల్లలు టీవీ ముందు నోరు కదుపుతూ పలికి చూసుకోవడం నేను కళ్ళారా చూశాను.

అబ్బాయి: అది బాలుగారి గొప్పతనం పిన్నీ. పోటీ అనే పద్ధతి గొప్పతనం కాదు. ఆయన పోటీ లేకుండా ఊరికే కూర్చుని పాటల గురించి చెప్పినా జనం వినేవాళ్ళు.

పిన్ని: వినేవాళ్ళేమో. ఇంత శ్రద్ధగా మాత్రం వినేవాళ్ళు కాదు. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఇది చెప్పు. బాలుగారు ఎక్కడినుంచి వచ్చారు? పోటీల్లోంచి కాదూ? 1964లో మద్రాసులో తెలుగువాళ్ళ సంస్థ పెట్టిన పాటల పోటీలో మొదటి బహుమతి కొట్టారు. ఎస్.పి. కోదండపాణి ఆయన్ని గుర్తించారు. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో పాడించారు. బాలుగారు ఆ మేలు మరిచిపోక తన రికార్డింగ్ థియేటర్‌కి కోదండపాణి పేరే పెట్టుకున్నారు. ఎస్. జానకి సంగతీ చూడు. 1956లో ఆకాశవాణి పాటల పోటీలో రెండో బహుమతి వచ్చింది, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా అందుకుంది. పోటీ లేకపోతే గూడు దాటి బయటికి రాని గొంతులెన్నో ఉంటాయి.

అబ్బాయి: ఆ పోటీలు వేరు. ఒక పూట పాడతారు, బహుమతి ఇస్తారు, ఇంటికెళ్తారు. ఓడినవాళ్ళ ముఖం ఎవరూ దగ్గరగా చూపించరు. ఇప్పుడున్నది వేరే సరుకు. 2001లో బ్రిటన్‌లో 'పాప్ ఐడల్', 2002లో 'అమెరికన్ ఐడల్', 2004లో 'ఇండియన్ ఐడల్', 2022లో ఆహా ఓటీటీలో తెలుగు 'ఇండియన్ ఐడల్'. ఒకే నమూనా దేశాలు దాటి, భాషలు దాటి మన దాకా వచ్చింది. ఆ నమూనాకి ప్రాణం పాట కాదు, వారవారం ఒకరిని బయటికి పంపడం. పాట తీసేసి నాట్యం పెట్టినా, వంట పెట్టినా నడుస్తుంది. ఎలిమినేషన్ తీసేస్తే నడవదు.

పిన్ని: ఓటమిని చూడ్డానికి జనం పోగవడం ఐడల్‌తో పుట్టిందా? అవధానం మాటేమిటి? ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని, నిషిద్ధాక్షరి ఇచ్చి, సమస్య ఇచ్చి, మధ్యలో అప్రస్తుత ప్రసంగంతో ధ్యాస చెదరగొట్టి, అవధాని తడబడతాడా లేదా అని చూస్తారు. సభ నిండా జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. తిరుపతి వేంకట కవులకీ కొప్పరపు కవులకీ పోటీ అంటే ఊళ్ళు రెండు పక్షాలయ్యాయి. పద్యనాటకాల్లో రాగం బాగా తీస్తే 'వన్స్ మోర్' అనేవాళ్ళు, తీయలేకపోతే ఈలలు వేసేవాళ్ళు. విద్యని పరీక్షలో పెట్టి చూడ్డం మన రక్తంలో ఉంది.

అబ్బాయి: అవధానానికి కూర్చునేవాడు ఏళ్ళ తరబడి చదివిన పండితుడు. అడిగేవాళ్ళూ పండితులే. ఆయన తడబడినా ఆయన పాండిత్యం ఎక్కడికీ పోదు. పైగా ఎస్సెమ్మెస్ పంపి ఆయన్ని గెలిపించేవాళ్ళు ఎవరూ లేరు. 2007 'ఇండియన్ ఐడల్' తీసుకో. ప్రశాంత్ తమాంగ్‌ది డార్జిలింగ్, అప్పట్లో కోల్‌కతా పోలీసు కానిస్టేబుల్. అతనికి ఓట్లు వేయించడానికి కొండప్రాంతాల గూర్ఖాలంతా ఏకమయ్యారు. ఓట్ల ప్రచారం నడిపిన బిమల్ గురుంగ్ ఆ ఊపులోనే అదే ఏడాది అక్టోబరులో గూర్ఖా జనముక్తి మోర్చా పార్టీ పెట్టాడు. ఆ జనానికి గుర్తింపు కావాలన్న ఆకలి ఉంది, దాన్ని నేను తప్పుపట్టను. గానీ ఆ ఓట్లలో పాటకి పడ్డవెన్ని? 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ గెలిచినప్పుడు మనమూ అదే చేశాం. మనవాడు అని వేశాం.

పిన్ని: వేశాను. ఇప్పుడూ వేస్తాను. హిందీ పాటల వేదిక మీద మన పిల్లాడు నిలబడి పాడుతుంటే ఛాతీ ఉప్పొంగదా? అయితే మనవాడన్నది ఓటు దాకా తీసుకెళ్తుంది గానీ, బాగా పాడకపోతే అక్కడిదాకా వచ్చేవాడే కాదు. శ్రీరామచంద్రకి ఊళ్ళో ఓట్లున్నాయి, గొంతూ ఉంది.

అబ్బాయి: సరే, ఇంకో మాట. ఈ పోటీలు గొంతుల్ని అచ్చులో పోస్తున్నాయి. 'అచ్చం జానకమ్మలా పాడావు', 'కళ్ళు మూసుకుంటే బాలుగారే' అంటే అదే పెద్ద మెచ్చుకోలు. కొత్త పాట పాడితే జనానికి తెలీదు, పోల్చుకోడానికి ఏమీ ఉండదు, అందుకని ఎవరూ పాడరు. పాత పాటలోనే తనదైన సంగతి ఒకటి వేస్తే తప్పు పోతుందేమోనని భయం. అంత భయంలో నేర్చుకున్నవాడు రేపు తన పాట ఎప్పుడు పాడతాడు?

పిన్ని: ఈ మాటలో పస ఉంది. అనుకరణతో మొదలవ్వడం తప్పు కాదు, బాలుగారికి మహమ్మద్ రఫీ మీద ఎంత ఆరాధనో ఆయనే ఎన్నోసార్లు చెప్పారు. అనుకరణ దగ్గరే ఆపేస్తే తప్పు. పోటీలో ఒక్క రౌండైనా కొత్త పాటకి, కొత్తగా రాసి స్వరపరిచినదానికి ఉంటే నేనింకా ఇష్టంగా చూస్తాను. ఆ కొరత నిజమే. మరి నా మాట ఒకటి విను. పోటీలో ఓడినా పైకొచ్చినవాళ్ళని చూడు. అరిజిత్ సింగ్ 2005లో 'ఫేమ్ గురుకుల్' నుంచి మధ్యలోనే బయటికెళ్ళాడు. నేహా కక్కర్ 'ఇండియన్ ఐడల్' రెండో సీజన్లో ఎలిమినేట్ అయింది, తర్వాత అదే కార్యక్రమంలో న్యాయనిర్ణేతగా కూర్చుంది. అమెరికాలో జెన్నిఫర్ హడ్సన్ 2004 'అమెరికన్ ఐడల్'లో ఏడో స్థానంలో ఆగిపోయింది, 2007లో 'డ్రీమ్‌గర్ల్స్'కి ఆస్కార్ అందుకుంది. తీర్పుకి అంత బలం లేదు. లోకం తన తీర్పు తర్వాత ఇస్తుంది.

అబ్బాయి: నువ్వు నా వాదనకే బలమిస్తున్నావు పిన్నీ. తీర్పు తప్పని తేలింది. మరి తప్పు తీర్పు కోసం ఒక మనిషిని నాలుగ్గోడల మధ్య కాదు, దేశం ముందు నిలబెట్టి ఓడించడం ఎందుకు? అరిజిత్ సింగ్ లేచాడు. లేవనివాళ్ళ లెక్క ఎవరు చెప్తారు? వాళ్ళ పేర్లు నీకు గుర్తున్నాయా? పోయిన సీజన్లో మొదటి వారం వెళ్ళిపోయిన వాళ్ళెవరో చెప్పు.

పిన్ని: ...గుర్తులేదు.

అబ్బాయి: నాకూ గుర్తులేదు. ఆ రోజు ఆ పిల్ల ఏడుస్తుంటే నువ్వూ ఏడిచావు. మర్నాటికి పేరు పోయింది. ఆ ఏడుపు దేనికి పనికొచ్చింది?

పిన్ని: ఇప్పుడు ఇందాక తర్వాత చెప్తానన్నది చెప్తాను. పెళ్ళి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రా పెడతారు. ఈ పోటీల్లో పాడి వచ్చిన పిల్లలు చాలామంది అక్కడే పాడతారు, బతుకుతెరువు అదే. ఎవరైనా వింటారా? ఫొటోలకి వరస, ప్లేట్లకి వరస, పలకరింపులు. ఆ పిల్ల తారస్థాయిలో కష్టమైన సంగతి నిలబెట్టినా ఒక్క తల తిరగదు. అదే పిల్ల అదే పాట టీవీలో పోటీలో పాడితే ఇల్లంతా చప్పుడు లేకుండా వింటుంది. పాలవాడు బెల్లు కొడితే విసుక్కుంటాం. పాట మారలేదు, గొంతు మారలేదు. మారింది మనం వినే తీరు. ఎందుకు మారింది? అక్కడ ఆ పిల్లకి ఏదో పోతుందన్న భయం ఉంది. ఆ భయం నా చెవిని పట్టి కూర్చోబెడుతోంది. ఇందాక నేను మొహమాటం అన్నదానికి అసలు కారణం ఇదే. ఆ పిల్ల భయంతో నా శ్రద్ధని కొనుక్కుంటున్నారు. ఆ బేరంలో నాకు లాభం వస్తోంది.

అబ్బాయి: ఇంత స్పష్టంగా చూశావు కదా. అయినా మాననంటావేం?

పిన్ని: మానేస్తే ఆ పిల్లని అసలు ఎవరూ వినరు కాబట్టి. పోటీ లేని చోట శ్రద్ధ లేదు, శ్రద్ధ ఉన్న చోట పోటీ ఉంది. ఇది మన లోకం తప్పు, నేను ఒక్కదాన్నీ టీవీ కట్టేస్తే సరైపోదు. అంతకన్నా, చూసినందుకు నేనేం బాకీ పడ్డానో తేల్చుకోవడం నాకు ముఖ్యం.

అబ్బాయి: అక్కడికి వచ్చేముందు ఆ భయానికి తోడు పేదరికాన్ని కూడా అమ్మడం గురించి మాట్లాడు. 'ఇండియన్ ఐడల్' మొదటి విజేత అభిజీత్ సావంతే 2021లో అన్నాడు, ఈ కార్యక్రమాలకి ఇప్పుడు పాట కన్నా పాడేవాడి పేదరికమే ఎక్కువ కావాలని. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడని, వాళ్ళమ్మ ఇళ్ళల్లో పని చేస్తుందని చెప్పి, ఆ అమ్మని వేదిక మీదికి తెచ్చి, అప్పుడు పాడమంటారు. ఆ కథ విన్నాక ఏ న్యాయనిర్ణేత శ్రుతి గురించి మాట్లాడగలడు? కథ లేని పిల్లాడు, మామూలు ఇంటి పిల్లాడు, వాడి మాటేమిటి?

పిన్ని: ఆ కథలు నాకూ ఒద్దు. ఒక్క మాట మాత్రం. 2009లో బ్రిటన్‌లో ఒక టీవీ పోటీలో సుసాన్ బాయిల్ పాడింది చూడు. నలభై ఏడేళ్ళ మనిషి, స్కాట్లాండ్ నుంచి వచ్చింది. ఆమె వేదిక మీదికి రాగానే జనం ముఖాలు చిట్లించారు, నవ్వారు. గొంతు విప్పగానే అందరూ లేచి నిలబడ్డారు. ఆ పోటీలో ఆమెకి రెండో స్థానమే వచ్చింది. ఆ పాట మాత్రం లోకం చుట్టొచ్చింది. మనిషిని చూసి తక్కువ అంచనా వేసిన తలలు తిరిగి ఆలోచించుకోవాల్సొచ్చింది. అలాంటి క్షణం పోటీలోనే దొరుకుతుంది.

అబ్బాయి: ఆ నవ్వే ముఖాల్ని ఏరి, ఆమె నడిచొచ్చే షాట్ల మధ్య పెట్టింది ఎవరు? మాలాంటివాళ్ళే. ముందు నువ్వు ఆమెని చిన్నచూపు చూడాలని మేం నిర్ణయిస్తాం, తర్వాత నువ్వే సిగ్గుపడాలని మేమే నిర్ణయిస్తాం. ఆమె గొంతు నిజం. ఆ గొంతుకి అవమానం తోడు అక్కర్లేదు.

పిన్ని: నిజమే. గొంతుకి అక్కర్లేదు. నాకు కావాల్సొచ్చింది. మళ్ళీ అదే బేరం.

అబ్బాయి: పెద్దవాళ్ళ విషయంలో కొంత సర్దుకుంటాను. వాళ్ళు తెలిసి వచ్చారు, సంతకం పెట్టారు. పిల్లల విషయంలో మాత్రం ఒప్పుకోను. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, 2017లో నిబంధనలు వచ్చాయి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల చేత ఇలాంటి కార్యక్రమాలు చేయించాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. రోజుకి 5 గంటలు దాటకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకి మించకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం ఆ పిల్లల పేరు మీద బ్యాంకులో వెయ్యాలి. పిల్లలకి ఇష్టం లేకుండా చేయించకూడదని కూడా ఉంది. చట్టం గంటల్ని లెక్కపెట్టగలదు. ఏడేళ్ళ పిల్లకి ఇష్టమో, వాళ్ళ నాన్నకి ఇష్టమో ఎలా లెక్కపెడుతుంది? దర్శకుడు శూజిత్ సర్కార్ కూడా 2017లో పిల్లల రియాలిటీ షోలు ఆపించమని అడిగాడు.

పిన్ని: బడిలో నేను చూశాను ఆ నాన్నల్ని. పద్యాల పోటీలో పిల్లాడికి రెండో బహుమతి వస్తే స్టేజి పక్కనే తిట్టేవాళ్ళు. పిల్లలు పాడాలి, జనం ముందు పాడాలి, చిన్నప్పుడే ఆ బెరుకు పోవాలి. అది నేను వదులుకోను. వాళ్ళని వారవారం తీసెయ్యడం మాత్రం అక్కర్లేదు. అందరూ చివరిదాకా పాడొచ్చు. మొదటి వారం కన్నా ఆఖరి వారం ఎవరు ఎంత మెరుగయ్యారో చెప్పొచ్చు. దిద్దవలసింది దిద్దొచ్చు. దిద్దడానికి ఓడించక్కర్లేదు, క్లాసులో మేం చేసేది అదే.

అబ్బాయి: అప్పుడు దడ ఉండదు. దడ లేకపోతే నువ్వు చూడవు. నీ మాటే కదా.

పిన్ని: తక్కువ చూస్తానేమో. చూడకపోతే పోయింది. పసివాడి భయంతో నాకు దొరికే శ్రద్ధ నాకొద్దు. పెద్దవాళ్ళది వేరు. వాళ్ళు తమ విద్యని పందెం పెట్టడానికి తెలిసి వచ్చారు. ఆ ధైర్యాన్ని నేను గౌరవిస్తాను, అవధానిని గౌరవించినట్టే. ఓడిపోయే అవకాశం ఉన్నా వచ్చి నిలబడ్డవాళ్ళు వాళ్ళు. చూడకుండా ముఖం తిప్పుకోవడం ఆ ధైర్యానికి గౌరవం కాదు.

అబ్బాయి: చూసి మర్చిపోవడం గౌరవమా?

పిన్ని: కాదు. బాకీ అన్నది అదే. ఒకళ్ళ భయం వల్ల నా చెవి తెరుచుకుంది, ఆ చెవిని వాళ్ళు ఓడిపోయాక కూడా తెరిచి ఉంచాలి. వెళ్ళిపోయిన అమ్మాయి పేరు రాసి పెట్టుకుంటాను. ఎక్కడ పాడుతోందో వెతుకుతాను. రవీంద్రభారతిలోనో త్యాగరాయ గానసభలోనో పాడితే వెళ్ళి ముందు వరసలో కూర్చుంటాను. పెళ్ళిలో పాడుతుంటే ప్లేటు పక్కన పెట్టి పాట పూర్తయ్యేదాకా వింటాను, అయ్యాక దగ్గరకెళ్ళి ఏ సంగతి బాగుందో చెప్తాను. ఊరికే 'బాగా పాడావమ్మా' అనను, ఏది బాగుందో చెప్తాను. పోటీ నాకు నేర్పిన వినికిడిని పోటీ లేని చోట వాడకపోతే, నేను పాట విన్నట్టు కాదు, ఒక మనిషి నలగడం చూసినట్టు.

అబ్బాయి: నువ్వు చేస్తావు. చూసేవాళ్ళలో ఎంతమంది చేస్తారు? ఎవరో ఒకరిద్దరు. మిగతా అందరికీ అది దడే. అందుకని నా మాట నాదే. నేను చూడను.

పిన్ని: చూడకు. నిన్ను మార్చాలని లేదు. నువ్వు నన్నడిగావు, చూసి ఏం చేస్తున్నావని. నేను నిన్నడుగుతున్నాను, చూడకుండా నువ్వేం చేస్తున్నావు? ఆ ఎడిటింగ్ డెస్క్ ముందు కూర్చునేది నువ్వే. నాకు ఈ పోటీల్లో అన్నిటికన్నా బాధ ఏంటో తెలుసా? పల్లవి, ఒక చరణం వినపడగానే ఆపేస్తారు. రెండో చరణం ఉండదు. కవి చెప్పదలుచుకున్నది చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఆ రెండు నిమిషాలూ ఏమవుతున్నాయి? ఏడుపు ముఖాలకీ వయొలిన్‌కీ పోతున్నాయి.

అబ్బాయి: ఏది ఉంచాలో ఏది తియ్యాలో చెప్పేది నేను కాదు పిన్నీ. పైన ఉంటారు. పాటకి రేటింగు రాదు, ఏడుపుకి వస్తుందంటారు.

పిన్ని: నువ్వు అడిగావా ఎప్పుడైనా?

అబ్బాయి: ఒకసారి అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

పిన్ని: మళ్ళీ అడుగు. పాట తెలిసినవాడివి, వినడం తెలిసినవాడివి, ఆ గదిలో నువ్వు అడక్కపోతే ఇంకెవరూ అడగరు. నేను ఇక్కడ కూర్చుని బాకీ తీరుస్తాను, నువ్వు అక్కడ కూర్చుని తీర్చు. నువ్వన్నట్టు ఆ నమూనా ప్రపంచమంతా తిరిగొచ్చింది, దాన్ని నువ్వూ నేనూ కూలగొట్టలేం. దాంట్లో పాటకి రెండు నిమిషాలు ఎక్కువ ఇప్పించగలం. పాడినవాళ్ళు చూపించడానికి వచ్చింది ఆ పాటని. వాళ్ళ కన్నీళ్ళు చూపించడానికి వాళ్ళు రాలేదు.

అబ్బాయి: ఆ మాట వరకూ ఒప్పుకుంటాను. అడుగుతాను. ఒప్పుకోరేమో.

పిన్ని: ఒప్పుకోకపోతే వచ్చే ఎపిసోడ్‌కి మళ్ళీ అడుగు. పూర్తిగా పాడనిస్తే, ఓడిన పిల్ల కూడా పాట మిగుల్చుకుని వెళ్తుంది. వినేవాళ్ళకీ ఆ పిల్లని గుర్తు పెట్టుకోడానికి ఓటమి కాకుండా ఇంకొకటి దొరుకుతుంది.